దిబ్బరొట్టె సెగ మీద ఉడికిన గ్యాసు: గోదావరి డెల్టా కింద ఏముంది, పైకి తీస్తే ఏమవుతుంది

కోరంగి మడ అడవిలో పాటు వేళ నీళ్లు తీశాక, పాయ ఒడ్డు బురదలో కర్ర గుచ్చి కదిపితే నల్లటి మడ్డి పైకొస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది, గుచ్చిన కంతలోంచి బుడగలు లేస్తాయి. వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. బుడగల్లో మీథేన్ కూడా ఉంటుంది, దానికి వాసనా లేదు, రంగూ లేదు. తాటిపాక దగ్గర పైపుల్లో పోయే గ్యాసులో ప్రధానంగా ఉండేదీ ఆ మీథేనే. రెంటికీ తేడా వయసులోనూ లోతులోనూ ఉంది. మడ అడవిలోది నిన్నమొన్న రాలిన ఆకును సూక్ష్మజీవులు కుళ్లబెడితే పుట్టిన గ్యాసు. పైపులోది కోట్ల ఏళ్ల కిందటి బురద కిలోమీటర్ల లోతున వేడికి ఉడికితే పుట్టింది.

డెల్టాలో దీని గురించి రెండు మాటలు తరచూ వినపడతాయి. కోనసీమ కింద చమురు సముద్రం ఉందన్నది ఒకటి. దాన్ని తోడేస్తే అడుగు బోలైపోయి ఊళ్లు సముద్రంలోకి జారిపోతాయన్నది రెండోది. మొదటి మాట తప్పు. రెండోది చెప్పినంత నిజమూ కాదు, కొట్టిపారేసేంత అబద్ధమూ కాదు. ఆ సంగతి తేలాలంటే ఇంధనం ఎలా తయారైందో ముందు చూడాలి. అది తయారవడానికి మొదటి షరతే నేల కుంగడం.

కుంగితేనే ఇంధనం

చెట్టు చచ్చినా చేప చచ్చినా గాలి తగిలే చోటైతే పూర్తిగా కుళ్లిపోతుంది. దానిలోని కార్బన్ మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. జీవపదార్థంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా ఇలాగే పోతుంది. ఆక్సిజన్ అందని బురదలో పడి, మీద గబగబా ఒండ్రు కప్పేసిన కాస్తే మిగులుతుంది. ఏటి మొగలు, ఉప్పుటేర్లు, చిత్తడి అడవులు దీనికి సరైన చోట్లు. బురద అంతా జీవపదార్థమే కానక్కర్లేదు. గట్టిపడి షేల్ రాయిగా మారాక దాని బరువులో ఒకటి రెండు శాతం జీవపదార్థం ఉన్నా చాలు, భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని మూలశిలగా లెక్క వేస్తారు.

కప్పితే సరిపోదు, కిందికి దిగాలి. మేట పడ్డ నేల పడ్డట్టే ఉంటే రెండు మూడొందల మీటర్లు నిండాక నది ఇంకో దారి చూసుకుంటుంది. అడుగు నేల నెమ్మదిగా దిగుతూ ఉంటే, నది నింపుతూనే ఉంటుంది. గోదావరి కింద జరిగింది అదే. 25 కోట్ల ఏళ్లకు మునుపు మన నేల, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవి. ఆ ఖండం సాగి పగలడం మొదలైనప్పుడు పొడుగ్గా లోయలు దిగబడ్డాయి. ప్రాణహిత నుంచి గోదావరి వెంట కిందికి వచ్చే లోయ అలాంటిదే. తర్వాత అంటార్కిటికా విడిపోయి తూర్పున సముద్రం తెరుచుకుంది, ఈ అంచు ఇంకా దిగింది. ఇప్పుడు డెల్టా కింద కొన్నిచోట్ల ఐదు కిలోమీటర్లకు పైగా మేట ఉంది. సగటు తీస్తే ఏడాదికి మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మధ్యలో ఆగిన కాలాలూ, వేగంగా దిగిన కాలాలూ ఉన్నాయి గానీ, లెక్క ఎంత నెమ్మదిదో చూపడానికి ఈ సగటు చాలు.

లోతుకు పోయేకొద్దీ వేడి. కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది, మేట నిండిన ఈ పల్లంలో, అంటే కృష్ణా గోదావరి బేసిన్‌లో కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. పైన 30 డిగ్రీలుంటే మూడు కిలోమీటర్ల కింద 110, 120 ఉంటుందన్నమాట. ఇక్కడ దిబ్బరొట్టె వేసే పద్ధతి గుర్తు చేసుకుంటే మిగతాది సులువు. మందపాటి మూకుడు, మూత, సన్నటి సెగ, చాలాసేపు. సెగ చాలకపోతే లోపల పిండి పచ్చిగా ఉంటుంది. ఎక్కువైతే అడుగు మాడిపోతుంది. షేల్‌లో చిక్కుకున్న జీవపదార్థం ముందు కెరోజెన్ అనే మైనం లాంటి ముద్ద అవుతుంది. సుమారు 60 డిగ్రీల లోపు అది పచ్చిదే. 60 నుంచి 120 డిగ్రీల మధ్య లక్షల, కోట్ల ఏళ్లు ఉంటే దాని పొడవాటి గొలుసులు విరిగి చమురు పుడుతుంది. అది దాటితే చమురు కూడా విరిగి గ్యాసు అవుతుంది. 200 డిగ్రీలు దాటాక ఇంచుమించు మాడిన కార్బనే మిగులుతుంది.

పిండి ఏదన్నదీ ముఖ్యమే. నీటిలోని నాచు, సూక్ష్మజీవులు మేట పడితే చమురు ఎక్కువ వస్తుంది. చెట్ల ఆకులు, కలప మేట పడితే బొగ్గూ గ్యాసూ వస్తాయి. డెల్టా నేల మీది బావుల్లో గ్యాసు పాలు ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఇది.

దీనికి మంచి రుజువు మన నది వెంటే ఉంది. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, సింగరేణి కథ అక్కడ మొదలైంది. ఆ బొగ్గు పాతిక కోట్ల ఏళ్లు దాటిన పెర్మియన్ కాలపు అడవి. దాని పొరల మధ్య షేల్ పలకలు విప్పితే నాలుక ఆకారంలో గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకుల అచ్చులు కనిపిస్తాయి. అదే కాలపు బొగ్గు పొరలు దిగువన డెల్టా కింద కూడా ఉన్నాయి. పశ్చిమ గోదావరి వైపు ఊరి పేరు మీద వాటిని కొమ్ముగూడెం పొరలు అంటారు. ఇల్లెందు వైపు అవి అంత లోతుకు పోలేదు, పోయినవి కొన్ని పైకి తేలాయి, బొగ్గుగానే ఉండిపోయాయి. డెల్టా కింద మూడు నాలుగు కిలోమీటర్లు దిగాయి, ఉడికాయి, గ్యాసు వదిలాయి. మండపేట ఇసుకరాయిలో దొరికే గ్యాసుకు ప్రధాన మూలం ఈ పొరలే. అడవి ఒకటే కాలానిది. ఎగువన తట్టకెక్కింది, దిగువన పైపుకెక్కింది.

మధ్యలో ఒక మాట. ఈ పొరల పేర్లు మన ఊళ్లవే: గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి కొండ మీదిది కాదు, ద్వారకా తిరుమల, మన చిన్న తిరుపతి. రాజోలు పొర అనేది ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా. గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కొట్టే నల్ల కంకర ఆ లావాయే. క్వారీలో చేత్తో ముట్టుకునే రాయిని రాజోలు దగ్గర బావి తవ్వేవాళ్లు చాలా లోతుకు వెళ్లాక గాని చూడరు. ఆ రెండు చోట్ల మధ్య నేల ఎంత దిగిందో ఒక్క రాయితో తెలిసిపోతుంది.

చెరువు కాదు, ఇటుక

షేల్‌లో పుట్టిన చమురు, గ్యాసు అక్కడే ఉండిపోతే మనకు అందేది కాదు. అవి నీటికన్నా తేలిక, అందుకని రాతి పగుళ్లలో, ఇసుకరాయి రంధ్రాల్లో తడిని పక్కకు నెట్టుకుంటూ పైకి పాకుతాయి. పైన గట్టి షేల్ మూతలా అడ్డుపడిన చోట ఆగుతాయి. మూత లేని చోట ఉపరితలానికి వచ్చి గాలిలో కలిసిపోతాయి. భూచరిత్రలో పుట్టిన చమురు, గ్యాసులో ఎక్కువ భాగం అలా పోయిందే.

ఆగిన చోట అది చెరువులా ఉండదు. ఎండిన ఇటుక మీద చెంబుడు నీళ్లు పోస్తే గుటగుటా తాగేస్తుంది, ఇటుక సైజు మాత్రం పెరగదు. నీళ్లు దాని రంధ్రాల్లో ఉన్నాయి. చమురు నిల్వ కూడా అంతే. మంచి ఇసుకరాయిలో నూటికి 15 నుంచి 25 పాళ్లు ఖాళీ రంధ్రాలుంటాయి, వాటిలో కొంత నీరు, కొంత చమురు లేదా గ్యాసు. మిగతాదంతా రాయి. తీసినా రాయి రాయిగానే ఉంటుంది, బోలు గుహ ఏర్పడదు. పైగా ఉన్నదంతా రాదు. చమురైతే మూడో వంతు వచ్చినా బాగానే వచ్చినట్టు. గ్యాసు తేలిగ్గా జారుతుంది కాబట్టి ముప్పాతిక వంతు దాకా వస్తుంది.

దీనికి నాలుగూ కుదరాలి: మూలశిల, తగిన సెగ, రంధ్రాల రాయి, మూత. ఒక్కటి తప్పినా బావి ఎండుబావే. 1978లో నరసాపురంలో అన్వేషణ బావితో ఈ బేసిన్‌లో తవ్వకం మొదలైంది. రాజోలు, పాశర్లపూడి, తాటిపాక, మండపేట, లింగాల ఒక్కొక్కటీ బయటపడ్డాయి, సముద్రంలో రవ్వ క్షేత్రం, 2002లో కాకినాడ ఎదుట లోతు సముద్రంలో డీ6 అనే గ్యాసు క్షేత్రం దొరికాయి. 2006లో అన్వేషణ నౌక ఒకటి ఈ సముద్రం అడుగున మీథేన్ హైడ్రేట్లను, అంటే చలికీ ఒత్తిడికీ మంచుగడ్డలో బంధింపబడ్డ గ్యాసును, మందపాటి పొరల్లో చూసింది. దాన్ని లాభసాటిగా తీసే పద్ధతి ఇప్పటికీ లేదు.

బావిలో ఎక్కడ చెడుతుంది

మూడు వేల మీటర్ల లోతులో నీటి బరువు వల్లనే ఒత్తిడి సుమారు 300 బార్లు ఉంటుంది. లారీ టైరులో గాలి ఎనిమిది బార్లు అనుకుంటే దానికి దగ్గర దగ్గర నలభై రెట్లు. బావి తవ్వేటప్పుడు ఆ ఒత్తిడిని కిందనే తొక్కిపట్టేది ఇనుము కాదు, బురద. రిగ్గు మీద మడ్ అంటారు. నీటిలో బెంటోనైట్ మట్టి కలుపుతారు, బరువు చాలకపోతే ముగ్గురాయి పొడి వేస్తారు. మంగంపేట గనుల ముగ్గురాయికి ప్రపంచమంతా గిరాకీ ఉన్నది ఇందుకే. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు దానిది. ఈ బురద గొట్టంలోంచి కిందికి పోయి, ఉలి దగ్గర బయటికి వచ్చి, రాతి తునకలను మోసుకుంటూ గొట్టం చుట్టూ పైకొస్తుంది.

కృష్ణా గోదావరి బేసిన్‌లో చిక్కేమిటంటే, రాఘవాపురం షేల్ లాంటి పొరల్లో ఒత్తిడి లోతును బట్టి ఉండాల్సినంత మాత్రమే ఉండదు, చాలా ఎక్కువ ఉంటుంది. బురద గబగబా మేట పడ్డప్పుడు దానిలోని నీళ్లు బయటికి పిండుకుపోయే వ్యవధి లేకపోయింది. పైన బరువు పెరిగింది, లోపల నీళ్లు ఇరుక్కుపోయి ఆ బరువును తామే మోస్తున్నాయి. ఉలి అక్కడికి చేరిన క్షణాన మడ్ బరువు చాలకపోతే గ్యాసు బావిలోకి తోసుకొస్తుంది. గ్యాసు పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, మడ్‌ను తోసేస్తుంది, మడ్ తగ్గేకొద్దీ ఇంకా గ్యాసు వస్తుంది. మొదటి గుర్తు ట్యాంకులో మడ్ మట్టం పెరగడం. పంపు ఆపినా బావిలోంచి మడ్ కారుతుంటే అది రెండో గుర్తు. ఆ నిమిషాల్లోనే బావి నోటి దగ్గరి భారీ కవాటాలు మూయాలి, బరువు మడ్ ఎక్కించాలి. గొట్టాలను త్వరత్వరగా పైకి లాగినా ప్రమాదమే, సిరంజి లాగినట్టు అది అడుగున ఒత్తిడి తగ్గిస్తుంది. అలాగని మడ్‌ను మితిమీరి బరువెక్కించినా రాయి పగిలి మడ్ అందులోకి పోతుంది, మట్టం పడిపోతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ఈ రెంటి మధ్య సందు ఈ బేసిన్‌లో కొన్నిచోట్ల బాగా సన్నం.

1995 జనవరి 8న పాశర్లపూడి క్షేత్రంలో దేవర్లంక దగ్గరి 19వ నంబరు బావి అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండింది, మార్చి 15న ఆరింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయాల్సివచ్చింది. బావి పేలడం అంటే ఏమిటో డెల్టాకు పాఠంగా చెప్పనక్కర్లేదు.

ఏం ఇస్తుంది

లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజనులో మూడో వంతు పనికి వచ్చి మిగతాది వేడిగా పోయినా, మూడు యూనిట్ల పని చేతికొస్తుంది. ఒళ్లు వంచి పని చేసే మనిషి రోజంతా చేసేది అర యూనిట్ పైచిలుకు. అంటే ఒక్క లీటరులో ఐదారుగురి రోజు కష్టం ఉంది. పైగా డబ్బాలో పోసి మూల పెట్టొచ్చు, కావాల్సినప్పుడు తీయొచ్చు. ఇంత తక్కువ బరువులో, ఇంత తక్కువ చోటులో, ఇన్నాళ్లు నిల్వ ఉండే శక్తి ఇంకోటి ఇంత చవగ్గా ఇంకా రాలేదు. భీమవరం వైపు రొయ్యల చెరువు చూస్తే ఇది తెలుస్తుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే గంటల్లో రొయ్య తేలిపోతుంది. రెండు హెచ్‌పీల ఏరేటర్లు పది తిప్పాలంటే జనరేటర్ గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది. ఖర్చు ఎక్కువే, పంటతో పోలిస్తే ఏమీ కాదు. సోలార్ పలకలు ఆ వేళకు పనిచేయవు. బ్యాటరీ ధర దిగేదాకా ఆ జనరేటర్ అక్కడే ఉంటుంది.

కనపడని వాడకం ఇంకా పెద్దది. యూరియా. మీథేన్‌ను ఆవిరితో కలిపి వేడి చేస్తే హైడ్రోజన్ వస్తుంది, దాన్ని గాలిలోని నైట్రోజన్‌తో అధిక ఒత్తిడిలో కలిపితే అమ్మోనియా, దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. 45 కిలోల బస్తాకు 25 నుంచి 30 ఘనపు మీటర్ల గ్యాసు పడుతుంది. శక్తి లెక్కన వంటింటి గ్యాసు బండలు ఒకటిన్నర. సారవాలో ఎకరాకు రెండు బస్తాలు చల్లామంటే మూడు బండలు మడిలో పోసినట్టు. అవసరానికి మించి వేసిన మూడో బస్తా గురించి రైతు డబ్బు లెక్కే చూస్తాడు. గ్యాసు లెక్కా చూడాలి. మొక్క తీసుకోనిది నీటిలో కొట్టుకుపోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. అది కూడా భూమిని వేడెక్కించేదే.

ఇక వంటిల్లు. కొబ్బరి మట్టలు, డొక్కల పొగలో వండిన ఆడవాళ్ల ఊపిరితిత్తులకు గ్యాసు చేసిన మేలు చిన్నది కాదు. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. మన ఊళ్లో గ్యాసు తీసి మనకే బండ ఈ ధరకా అంటారు. బండలో ఉండేది బావి మీథేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్. అవి చమురు శుద్ధిలోనూ, గ్యాసులోంచి వేరు చేయగానూ వస్తాయి. దేశం వాడే వంటగ్యాసులో సగానికి మించి దిగుమతే. మీథేన్‌ను అంత తేలిగ్గా ద్రవం చేసి బండలో పట్టలేం, మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చాలి. అది ఇంటికి పైపులోనే రావాలి. ధర మాట అటుంచి రాయల్టీ మీద మాత్రం కోపం సహేతుకమే. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, సముద్రంలో తీసిన దానిది కేంద్రానికి పోతుంది. టెర్మినల్, పైపులు, లారీలు మన ఒడ్డున ఉంటాయి.

ఏం తీసుకుంటుంది

ముందు దగ్గరి సంగతి, పైపు. బావి నుంచి వచ్చే గ్యాసు ఒట్టి మీథేన్ కాదు. నీటి ఆవిరి, కండెన్సేట్ అనే తేలిక నూనె, కార్బన్ డయాక్సైడ్ కలిసి వస్తాయి. సేకరణ కేంద్రంలో ముందు సెపరేటర్‌లో ద్రవాలు వేరు చేయాలి, తర్వాత గ్లైకాల్ అనే ద్రవంతో తడి పీల్చేయాలి. ఆ పని సరిగా జరగకపోతే తడి పైపులోకి పోతుంది. పైపు పల్లంగా ఉన్న చోట అడుగున నీళ్లు చేరతాయి. కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి సోడా నీళ్లలా పులుస్తుంది, ఉక్కును లోపలి నుంచి కొరుకుతుంది. పైనుంచి చూస్తే రంగు బాగానే ఉంటుంది, అడుగు గోడ పల్చబడుతుంది. వెలుపలి నుంచి డెల్టా ఉప్పుతడి నేల తనవంతు తింటుంది. వైద్యం తెలిసిందే. పైపులో పిగ్ అనే తోపుడు పరికరాన్ని నడిపి నీళ్లు ఊడ్చేయాలి, కొలిచే రకం పిగ్‌తో గోడ మందం చూడాలి, బయటి తుప్పుకు విద్యుత్ రక్షణ పెట్టాలి. ఇవి తప్పినప్పుడు ఏమవుతుందో 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం చూసింది. లీకైన గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. తడి గ్యాసు, లోపలి తుప్పు అన్న మాటలే విచారణలో బయటికొచ్చాయి.

గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్ల మధ్య ఉంటేనే మీథేన్ అంటుకుంటుంది. అది గాలికన్నా తేలిక, తెరిచిన చోట పైకి పోతుంది. కండెన్సేట్ ఆవిర్లు, బండ గ్యాసు గాలికన్నా బరువు, నేల బారున పాకి పల్లాల్లో, కాలువల్లో నిలుస్తాయి. బండ గ్యాసు రెండు శాతానికే అంటుకుంటుంది. వంటింట్లో వచ్చే వాసన గ్యాసుది కాదు, లీకు తెలియాలని కలిపే మెర్కాప్టన్‌ది. ప్రధాన పైపుల గ్యాసులో ఆ వాసన ఉండాలని లేదు. ఇంట్లో వాసన వస్తే లైటు వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు కూడా, స్విచ్చిలో రెండు పనులకూ నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోను చేయాలి.

గ్యాసు మీద పెట్టుకున్న ఆశ తెచ్చిన నష్టం వేరు. 2009లో డీ6 గ్యాసు కాకినాడ దగ్గరి గాడిమొగ ఒడ్డుకు చేరింది. మరుసటి ఏడు రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయి చూసింది, ఆ తర్వాత జారిపోయింది. ఇసుక పొరల్లో అనుకున్నంత గ్యాసు లేదు, ఒత్తిడి పడిపోయింది, బావుల్లోకి నీళ్లు చొరబడ్డాయి. ఆ గ్యాసును నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు, సామర్లకోట, పెద్దాపురం చుట్టూ కట్టిన విద్యుత్ కేంద్రాల్లో చాలా మటుకు 2013 నాటికి ఇంధనం లేక నిలిచిపోయాయి. అప్పు మాత్రం నిలవలేదు, వడ్డీతో పెరిగింది. నిల్వ అంచనా అంటే బీరువాలో లెక్కపెట్టిన నోట్లు కావు. కొన్ని బావులు, నేలలోకి ప్రకంపనలు పంపి వాటి ప్రతిధ్వనితో గీసిన కొన్ని చిత్రాలు చూసి కట్టిన లెక్క అది.

పొగ లెక్కలో జనానికి వచ్చే సందేహం ఒకటుంది. 14.2 కిలోల బండ కాలిస్తే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎలా వస్తుంది? కార్బన్ ఒక్కటే బండలోది, ఆక్సిజన్ గాలిలోంచి వచ్చి చేరుతుంది. 12 పాళ్ల కార్బన్‌కు 32 పాళ్ల ఆక్సిజన్ కలుస్తుంది. లీటరు డీజిల్‌కు 2.7 కిలోలు. బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు కిలో, మంచి గ్యాసు కేంద్రంలో దానిలో సగం కన్నా తక్కువ. కొబ్బరి చిప్ప కాల్చినా పొగే కదా అంటారు. నిజమే, కిలో కొబ్బరి చిప్పలో వేడి మన కరెంటు కేంద్రాలకు పోయే మామూలు బొగ్గుకు తీసిపోదు. కానీ చిప్పలోని కార్బన్ ఏడాది రెండేళ్ల కిందట గాలిలో ఉన్నదే, మళ్లీ చెట్టు తీసుకుంటుంది. ఇల్లెందు బొగ్గులోది 25 కోట్ల ఏళ్ల కిందట గాలిలోంచి తప్పుకున్నది. ఆ కార్బన్‌ను ఇప్పుడు తిరిగి గాలిలోకి పంపుతున్నాం. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

బొగ్గుకన్నా గ్యాసు మేలన్న మాటకు ఒక షరతుంది, లీకు ఉండకూడదు. కాలని మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు పాతిక రెట్లకు పైగా, ఇరవై ఏళ్ల లెక్కలో ఎనభై రెట్ల దాకా వేడి పట్టి ఉంచుతుంది. బావి నుంచి పొయ్యి దాకా దారిలో మూడు శాతం చుట్టుపక్కల కారిపోతే గ్యాసు గొప్ప బొగ్గు ముందు చెల్లదు. రాత్రుళ్లు బావుల దగ్గర కనిపించే మంట వృథాయే, కానీ ఆ గ్యాసును కాల్చకుండా గాలికి వదిలేయడం అంతకన్నా చెడ్డది.

మళ్లీ కుంగుడు దగ్గరికి

రాతి రంధ్రాల్లోని ఒత్తిడి పైబరువులో కొంత మోస్తుంది. గ్యాసు తీసేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గి బరువు రాతి రేణువుల మీద పడుతుంది, అవి కాస్త దగ్గరవుతాయి. ఎంత? 50 మీటర్ల మందం గట్టి ఇసుకరాయిలో ఒత్తిడి 200 బార్లు తగ్గితే అణిగేది సుమారు ఐదు నుంచి పది సెంటీమీటర్లు. మూడు కిలోమీటర్ల పైన నేల మీదికి వచ్చేసరికి అందులో కొంత భాగమే తెలుస్తుంది. అమెరికాలో లాంగ్ బీచ్ దగ్గర విల్మింగ్టన్ క్షేత్రంలో నేల తొమ్మిది మీటర్ల దాకా దిగింది, కానీ అక్కడ తీసింది తక్కువ లోతులో వదులు ఇసుకలోంచి. తర్వాత నీళ్లెక్కించి ఆపారు. మన బావులకు ఆ అంకె అంటగట్టకూడదు.

అలాగని కొన్ని సెంటీమీటర్లేగా అనేయడానికి ఇది రాయలసీమ కాదు. డెల్టా చివరి మురుగు కాలువల వాలు కిలోమీటరుకు సెంటీమీటర్లలోనే ఉంటుంది. అక్కడ అంగుళం తేడా వస్తే సారవా మడిలో నీళ్లు లాగడం ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది, చేను కుళ్లుతుంది.

ఇంకో పక్క చూడాలి. డెల్టా ఎప్పుడూ కుంగుతూనే ఉంది, నది నింపుతూనే వచ్చింది. ఈ ఇంధనం పుట్టిందే ఆ ఒప్పందం మీద. ఇప్పుడు నింపే చేయి ఆగింది. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు నిలిచిపోయి, సముద్రం దాకా వచ్చేది 1970ల నాటితో పోలిస్తే 2000 తర్వాతి ఏళ్లకు మూడో వంతు స్థాయికి పడిపోయింది. పైపొరల మెత్తటి బంకమట్టి తన బరువుకు తానే అణుగుతోంది. అటు సముద్రం ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది, బేసిన్ దిగిన సగటు వేగానికి అది వంద రెట్లకు పైనే. ఉప్పాడ ఒడ్డు కోతలోనూ, కోనసీమ చివర్ల చవుడులోనూ గ్యాసు బావి వాటా ఎంత, ఆనకట్ట వాటా ఎంత, సముద్రం వాటా ఎంత అన్నది వాదనతో తేలదు. బావుల దగ్గరా, దూరంగా బావులు లేని చోటా ఒకే రకం ఎత్తు గుర్తులు పాతి, జీపీఎస్‌తోనూ ఉపగ్రహ రాడార్‌తోనూ ఏళ్ల తరబడి కొలవాలి. ఆ అంకెలు ప్రతి ఏటా పంచాయతీ గోడ మీద అంటించేలా ఉండాలి.

బావి ఖాళీ అయ్యాక ఇంకో పని మిగులుతుంది, దాని మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. గ్యాసు పొరకు ఎదురుగా ఒకటి, మధ్యలో, మంచినీటి పొరల కింద, పై భాగంలో సిమెంటు బిరడాలు వేయాలి. ఒక్కోదాన్ని ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. గొట్టాన్ని నేల మట్టానికి కింద కోసి మూత అతికించి, తెచ్చి పోసిన గ్రావెల్ తీసేసి మట్టి పోయాలి. గొట్టానికీ రాతికీ మధ్య సిమెంటు సరిగా అతకకపోతే, అడుగు గ్యాసు ఆ సందున ఏళ్ల తర్వాత కూడా పైకి పాకి బోరు నీటిలో బుడగలుగా లేస్తుంది. చేను పక్కన మూసిన బావి ఉన్న రైతు దాని నంబరు, మూసిన తేదీ, బిరడాలు వేసిన లోతులు రాతపూర్వకంగా అడిగి తీసుకుని దస్తావేజులతో పాటు దాచుకోవాలి. ఆ నేల చెక్క మీద రేపు ఇల్లు కట్టేవాళ్లకు కావాల్సిన కాగితం అది.